కంది ఈకరెక్క, చిక్కుడు ఈకరెక్క

వెంకటాచలం వైపు గట్టు మీది కందికీ, ఇంటి పందిరి మీది చిక్కుడుకీ పట్టే ఈకరెక్కల పురుగులు ఒకే కుటుంబానివి. కంది మీద ఎక్కువగా కనిపించేది ఎక్సెలాస్టిస్ అటమోసా, చిక్కుడు మీద స్ఫెనార్కెస్ అనైసోడాక్టిలస్. ముందురెక్క రెండుగా, వెనకరెక్క మూడుగా చీలి, అంచుల్లో ఈకల్లాంటి నూగు ఉండటం రెంటికీ ఉమ్మడి లక్షణం. వాలితే రెక్కల్ని సన్నగా చుట్టుకుని రెండు పక్కలకీ చాపుతాయి. అలా చూసినప్పుడు ఎండుపుల్లే అనిపిస్తుంది తప్ప రెక్కల పురుగు అనిపించదు.

అలంకారం చిక్కుడుదానికే ఎక్కువ: వెనకరెక్క చీలికల మీద నల్లని పొలుసుల కుచ్చులుంటాయి. కందిది సాదా బూడిద గోధుమరంగు. అయితే రెక్కలు చూసి తీర్పు చెప్పడం నాకు నచ్చదు. వీటి అసలు బతుకంతా గొంగళి దశలోనే ఉంది.

ఆ దశలో కందిదే గట్టిపిండం. మొగ్గల మీదా లేతకాయల మీదా ఒక్కొక్కటిగా పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగు ముందు కాయ పైతోలు గీకుతుంది. తర్వాత రంధ్రం చేసి గింజ తింటుంది, ఒళ్లు మాత్రం పూర్తిగా లోపలికి పోనివ్వదు. శనగపచ్చ పురుగుదీ ఈ పద్ధతే గానీ దాని రంధ్రం పెద్దది. కందిది ప్యూపా అయ్యేది కూడా తరచు ఆ కాయ మీదే. ప్యూపాకీ నూగు ఉంటుంది కాబట్టి తాకితే గానీ పురుగో ప్యూపానో తేలదు.

చిక్కుడుది మొగ్గ, పువ్వు, లేతకాయ అన్నీ కొరుకుతుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టే ఇంట్లో ఆ నష్టం బాగానే తెలుస్తుంది. అయినా పప్పుగింజనే తినేసేదాన్ని నేను పెద్ద శత్రువుగా లెక్కిస్తాను.

చెట్టుని బట్టి పురుగు పేరు చెప్పేద్దామంటే కుదరదు. రెండూ కంది మీదా చిక్కుడు మీదా నమోదయ్యాయి. దానికి తోడు స్ఫెనార్కెస్‌లోనే ఇంకో చిక్కుంది. 1864లో వాకర్ సింహళం నమూనాతో అనైసోడాక్టిలస్‌ను వర్ణించక ముందే, జెల్లర్ దక్షిణాఫ్రికా నుంచి కాఫర్ అనే జాతిని వర్ణించాడు. మన పాత వ్యవసాయ పుస్తకాల్లో చిక్కుడు పురుగుకు చాలాచోట్ల కాఫర్ పేరే ఉంది. ఈ రెంటినీ నమ్మకంగా విడదీయాలంటే పురుగు పొట్ట చివరి జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సిందే. నమూనా దాచకుండా రాసిన పాత నమోదుల్ని ఇప్పుడు ఏ జాతి ఖాతాలో వేసినా అది ఊహే.