వీసా ఉంటే వెళ్లేదా?

నేను కథలు రాయడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు. అచ్చయినవి ముచ్చటగా మూడు. అయినా ఆ సాహితీ సదస్సు వాళ్లు నన్ను కూడా వేదిక ఎక్కించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లింది మాత్రం ఆ పది నిమిషాల కోసం కాదు, ఇండియా నుంచి వస్తున్న ఒక పెద్దాయన కోసం. కాలేజీ రోజుల్లో లైబ్రరీ పుస్తకం గడువులోగా తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి, ఆయన కథలు నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నదాన్ని. పేరు చెప్పను. చెబితే మీరు నా మాట వదిలేసి ఆయన గురించే ఆలోచిస్తారు.

సభ సభలాగే జరిగింది. 1998లో అట్లాంటాలో మొదటి అమెరికా తెలుగు సాహితీ సదస్సు జరిగింది మొదలు ఇక్కడి రచయితలు ఇలా ఒకచోట కలుసుకుంటూనే ఉన్నారు. సెలవులు పెట్టి, హాలు అద్దెకు తీసుకుని, పులిహోర కలిపి, కుర్చీలు సర్ది ఇదంతా చేసే వాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ రోజు శాలువాకీ శాలువాకీ మధ్య, ఏ కథలో ఏది కుదిరిందో ఏది కుదరలేదో ఒక్కరూ చెప్పలేదు. నా కథ పరిచయం చేసినాయన "కంట తడి పెట్టించింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ నమ్మేశాను.

భోజనాల దగ్గర పేపరు ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడి ఉంటే పెద్దాయనే దగ్గరికొచ్చారు.

"మీ కథ విమానంలో చదివానమ్మా."

నాకు పూరీ ముక్క గొంతులో అడ్డం పడింది.

కథ ఇదీ. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. ఊళ్లో తండ్రి పోయాడు. కూతురి కాయితాలు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి, ఇప్పుడు దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో తెలీదు. వెళ్లదు. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తుంది.

"ఆ అమ్మాయికి వీసా ఉంటే వెళ్లేదా?" అని అడిగారాయన.

"వెళ్లేదండీ," అన్నాను వెంటనే.

"అయితే మీరు రాసింది వీసా కథ. ఆ అమ్మాయి కథ ఇంకా రాయలేదు," అనేసి పెరుగన్నం వరసలోకి వెళ్లిపోయారు. మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. ఆకలి ఉంది.

తిరుగు ప్రయాణమంతా కోపం వచ్చింది. ఆయనకేం తెలుసు ఇక్కడి తిప్పలు అనుకున్నాను. ఇంటికొచ్చాక, నా దగ్గరున్న మన సంకలనాలన్నీ దింపి మళ్లీ చదివాను. అమ్మానాన్నల ఒంటరితనం, పిల్లలకి రాని తెలుగు, రాత్రి రెండింటికి మోగే ఫోను. బాధ అబద్ధం కాదు. కానీ కథ తర్వాత కథలో తప్పు బయటిదే. దూరానిది, వీసాదిది, డాలరుది, మంచుది. మనం మాత్రం కడిగిన ముత్యాలం. కష్టాన్ని కారణంగా చూపించి పాత్రని తప్పించేస్తున్నాం. నేను చేసిందీ అదే.

చాసో 'వాయులీనం' అందరికీ తెలిసిన కథే. భార్యకి జబ్బు చేస్తే వైద్యం కోసం ఆమె వాయులీనం అమ్మేస్తాడు భర్త, మిగిలిన డబ్బుతో ఆమెకే చీర కొనుక్కొస్తాడు. డబ్బు లేకపోవడమే కారణమని చాసో అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. ఆ చీర తెచ్చిపెట్టాడు. ప్రేమతో తెచ్చిన చీరే. అయినా ఆమె ఏం పోగొట్టుకుందో అతనికి పూర్తిగా తెలియదని మనకి తెలిసిపోతుంది. వైద్యానికే డబ్బంతా అయిపోయి ఉంటే అది పేదరికం కథ అయ్యేది. చీర వల్ల ఆ ఇద్దరి కథ అయింది.

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' ఇంకా కఠినమైనది. సీతారాముడు కన్నకొడుకుని చంపుకునే ముగింపు మీద ఎన్ని వాదాలు జరిగాయో చాలామందికి తెలుసు. నన్ను ఇప్పుడు పట్టుకున్నది మాత్రం శ్రీరాములునాయుడు. ఊరికి మేలు చేసినవాడు, నలుగురూ గౌరవించేవాడు. అప్పు తీర్చాలని ఆయన చెప్పే తీర్పు, లెక్క ప్రకారం చూస్తే ధర్మమే. ఆ ధర్మం పక్కనే పసివాడి శవం. దుర్మార్గుడొకణ్ణి పెట్టి ఉంటే చదివేవాడు హాయిగా వాడి మీద కోప్పడి నిద్రపోయేవాడు. రామారావుగారు ఆ అవకాశం ఇవ్వలేదు.

నా కథ మూడుసార్లు తిరగరాశాను. ఇప్పుడు ఆ అమ్మాయికి వీసా ఉంది. ఫోను పెట్టేసి టిక్కెట్లు వెతుకుతుంది. మూడువేల డాలర్లు. ఆ వారంలోనే ఆఫీసులో ఏదో ముఖ్యమైన పని. కంప్యూటరు మూసేస్తుంది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. మా నాన్న పోయినప్పుడు నేనూ వెళ్లలేదు. కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు నా సంచిలో పెద్దాయన కొత్త నవల ఉంది. దాంట్లో అమెరికా నుంచి కొడుకు వారం రోజులకి ఊరొస్తాడు. సీసా నీళ్లే తాగుతాడు, దోమలని విసుక్కుంటాడు, పొలం అమ్మి వెళ్లిపోతాడు. నాలుగువందల పేజీల్లో ఆ ఊరి కుక్కకి కూడా ఒక మనసుంది, ఈ కొడుక్కి లేదు. ఇక్కడ ఊరు చెడిపోయిందంటే కారణం వాడే. చదువుతున్నప్పుడే నాకు గుచ్చుకుంది. అడగాలని చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకున్నాను కూడా. తీరా ఆయన ఎదురుగా నిలబడి, "మీ నవల అద్భుతం సార్, ఒక సంతకం" అన్నాను. ఆయన మాత్రం నన్ను సాటి రచయితగా లెక్కలోకి తీసుకుని ప్రశ్న అడిగారు. నేను ఆయనకి ఇంకో శాలువా కప్పి వచ్చాను.

ఈ సంకలనం ఆయనకి చేరుతుందో లేదో. చేరితే, ఆ చీటీలో ఉన్నది ఇదీ: సార్, పొలం అమ్మాల్సిన అవసరం లేకపోతే ఆ కొడుకు ఊళ్లో ఉండిపోయేవాడా?