నేలకూ మనిషికీ మధ్య

భూగోళశాస్త్రం మానవునికీ పరిసరాలకూ గల సంబంధాన్ని పరిశీలించే శాస్త్రమని మన పాఠ్యగ్రంథాలు మొదటి పుటల్లోనే చెబుతాయి. రాజధానుల పేర్లూ, నదుల పొడవులూ వల్లె వేయించే చదువుకంటే ఈ నిర్వచనం ఎంతో మేలు. అయితే ఇందులోని ‘మానవుడు’ ఎవరు? ఆ ‘పరిసరాలు’ ఎవరివి? ఈ ప్రశ్నలు వేయకపోతే నిర్వచనం అర్ధసత్యంగా మిగిలిపోతుంది. సాహిత్యం బోధించే నాకు ఈ విచారణ ఎందుకంటే, ఆ అర్ధసత్యమే మన విమర్శలోకి కూడా ప్రవేశించింది గనుక.

పలనాటి రాతినేల పౌరుషాన్ని కన్నదనీ, కృష్ణాతీరపు మెత్తని నేల లాలిత్యాన్ని కన్నదనీ వ్రాసే విమర్శకులు మనకు వున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో రాట్జెల్ పేర వ్యాపించిన నియతివాదానికి ఇది దేశవాళీ రూపం. ప్రకృతి అవకాశాలను చూపుతుంది, ఎన్నుకునేవాడు మానవుడేనని ఫ్రాన్సులో విదాల్ ద లా బ్లాష్ సంప్రదాయం దానికి సమాధానం చెప్పింది. మన పలనాడూ ఆ సమాధానమే చెబుతున్నది. 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చింది రాతినేల ప్రభావం చేత కాదు. అడవిలో పశువులు మేసినందుకు తెల్లదొరల ప్రభుత్వం విధించిన పుల్లరికి ఎదురు నిలిచినందుకు.

శ్రీనాథుని పేర ప్రచారంలో వున్న చాటువుల్లో ఈ సీమ రాళ్లకూ, జొన్నకూటికీ నవ్వులపాలయింది. అది సన్నబియ్యానికి అలవాటుపడిన అతిథి చూపు. జొన్న పండించినవాని చూపు కాదు. ఇంకొక విశేషం: ఆ కవి మిరపకాయ రుచి ఎరుగడు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ద్వారా పదహారో శతాబ్దంలో ఈ దేశం చేరింది. గుంటూరు కారం ఈ నేల స్వభావమని నేడు మనం మురిసిపోతున్నాం. స్వభావమనుకున్నది నిజానికి చరిత్ర.

నేలకు బలం లేదని నేననడం లేదు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. తేమను లోపల దాచుకొని పత్తిని పోషిస్తుంది. దీన్ని కాదనడం భౌతికవాదం కాదు. కాని 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. జొన్నకు పేరుబడ్డ సీమలో వరి లేచింది. నేల మారలేదు, రాళ్లు మోసిన వేలాది కూలీల శ్రమ దాని భవితవ్యాన్ని మార్చింది.

ఇక ‘మానవుడు’. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసింది. రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. దోమ ప్రకృతిలోనిదే. కాని ఒకే పైరు వెంట పరుగు, మందు మీద మందు, మందులు అరువిచ్చి పంటకు ముందే ముడివేసే వ్యాపారం, ఇవి ప్రకృతిలోనివా? అదే తెగులు సొంత భూమి గలవానికి ఒక యేటి నష్టం. కౌలు ముందే ఒప్పుకున్నవానికి తీరని అప్పు. కోతకు పోయే కూలి స్త్రీకి పని లేని ఏడాది. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను తినివేసినప్పుడూ ఇదే ప్రశ్న ఎదురైంది.

ఈ భేదాన్ని మన రచయితలు ఏనాడో గుర్తించారు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో ఊరికీ, మాలపల్లికీ చేలు ఒకటే, అయినా కూలీల పక్షాన నిలిచిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో హతుడవుతాడు. ఆ నవల సూచించిన పరిష్కారంతో మనం ఏకీభవించకపోవచ్చు. అది గీచిన పటం మాత్రం సత్యం. వినుకొండలో పుట్టిన జాషువా ‘గబ్బిలం’లో గబ్బిలానికి శివాలయం తెరిచి వున్నది, దాన్ని దూతగా పంపే మనిషికి మూసి వున్నది. ఒకే ఊరు, ఇద్దరికి రెండు పరిసరాలు.

కనుక భూగోళం బోధించే మిత్రులకు నా మనవి ఒకటి. విద్యార్థులచేత తమ వూరి పటం గీయించండి. రేగడీ, చెరువూ, కాలువా గుర్తించిన తరువాత, ఏ చేను ఎవరిదో, కౌలు ఎంతో, మిర్చి యార్డుకు చేరిన బస్తాకు ధర ఎవరు కడతారో కూడా గుర్తించమనండి. సాహిత్య విమర్శకుడూ ఆ పటం ముందు పెట్టుకొని నవల చదవాలి. నేలకూ మనిషికీ మధ్య మనిషికీ మనిషికీ గల సంబంధం వున్నది. అది ప్రకృతి విధించినది కాదు, మార్చదగినది.