పోర్ట్ 25 దగ్గర

బయటి మెయిల్స్ రావడం లేదని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒక్కటే: "కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోందా, టైమ్‌డ్ అవుట్ అంటోందా?" తలుపు తడితే "ఎవరూ లేరు" అని లోపల్నుంచి జవాబు రావడం వేరు, ఎంత తట్టినా అలికిడే లేకపోవడం వేరు. మొదటి దాంట్లో, చాలావరకు, మనం ఆ మెషీన్ దాకా చేరాం, కానీ సర్వర్లు మెయిల్ అందుకునే పోర్ట్ 25 మీద వినే ప్రోగ్రామే లేదు. రెండో దాంట్లో, ఎక్కువసార్లు, దారిలో ఏదో ఫైర్‌వాల్ మన పిలుపుని మింగేస్తోంది.

మెల్‌బోర్న్‌లో మా తెలుగు సంఘం మెయిల్‌ని కొత్త సర్వర్‌కి మార్చిన వారమే ఉగాది ఆహ్వానాలు వెళ్లాయి. జవాబు ఒక్కటీ రాలేదు. సర్వర్ లోపల్నుంచి టెల్నెట్ కొడితే చక్కగా పలికింది, బయటినుంచి రిఫ్యూజ్డ్. పోర్టుల జాబితా తీస్తే తెలిసింది: మా మెయిల్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. అంటే ఆ మెషీన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌లకు తప్ప ఎవరికీ పలకదు. కొన్ని లైనక్స్‌లలో భద్రత కోసం అలాగే పెట్టి ఇస్తారు. దాని సెట్టింగుల్లో ఇనెట్ ఇంటర్‌ఫేసెస్ అన్నచోట లోకల్‌హోస్ట్ తీసి ఆల్ అని పెట్టాలి. రీలోడ్ చాలదు, పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోపు జవాబులన్నీ పోయాయేమోనని సంఘం పెద్దలు కంగారుపడ్డారు. పోవండీ, అన్నాను. పంపే సర్వర్లు వాటిని క్యూలో ఉంచుకుని నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలన్నది ఎస్ఎంటీపీ ప్రమాణం. ఆ ఓపిక అంటే నాకెంతో ఇష్టం.

ఆస్ట్రేలియాలో ఇంకో చిక్కుంది. ఇంటినుంచి పరీక్షిస్తే ఆ పరీక్షే తప్పుదారి పట్టించవచ్చు. ఇళ్లకిచ్చే ఇంటర్నెట్‌లో బయటికెళ్లే పోర్ట్ 25ని మూసేసే కంపెనీలు ఇక్కడ చాలానే ఉన్నాయి. సర్వర్ భేషుగ్గా ఉన్నా మనకు టైమ్‌డ్ అవుట్ అనే వస్తుంది. మెయిల్ పంపుకోవడానికి 587 ఉంటుంది కాబట్టి మామూలు జనానికి ఈ సంగతే తెలియదు. అందుకే ఆ పోర్ట్ తెరిచి ఉన్న ఇంకో అద్దె సర్వర్ నుంచి చూస్తాను. సర్వర్ని ఇంట్లోనే పెట్టుకున్నవాళ్లు ముందు తమకు సొంత పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూసుకోవాలి. ఒకే అడ్రస్‌ని అనేక ఇళ్లకు పంచే సీజీనాట్ వెనక ఉంటే తక్కినవన్నీ సరిచేసినా దండగే.

కంపెనీలు పోర్ట్ 25ని ఇలా మూసేయడం మీద నాకు కోపం లేదు. 1989 జూన్‌లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి రాబర్ట్ ఎల్జ్ హవాయి యూనివర్సిటీతో ఉపగ్రహ లింకు కలిపి ఈ దేశాన్ని ఇంటర్నెట్‌లోకి తెచ్చిన రోజుల్లో, ఎవరి మెయిల్‌నైనా ఎవరికైనా అందించడం సర్వర్ల మధ్య మర్యాద. స్పామ్ పంపేవాళ్లు దాన్నే వాడుకున్నారు. సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్ 1998లో అలా అందించడాన్ని, అంటే రిలేని, ముందే మూసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా 2003లో స్పామ్ చట్టం చేసింది. ఇన్ని జరిగినా, ఒక చిన్న సంఘం సొంత డొమైన్ పెట్టుకుని పెద్ద కంపెనీలతో నేరుగా మెయిల్ ఇచ్చిపుచ్చుకోగలుగుతోంది. ఆ అవకాశాన్ని మనంతట మనం వదులుకోకూడదని నా పట్టు. అలా నిలబెట్టుకోవాలంటే మన సర్వర్ స్పామ్‌కి దారి కాకూడదు.

అందుకే పోర్ట్ తెరిచాక బయటినుంచి ఇంకోసారి వెళ్లి, మాది కాని అడ్రస్‌కి ఒక మెయిల్ ఇచ్చి చూస్తాను. "రిలే యాక్సెస్ డినైడ్" అని తిప్పికొట్టాకే ఆ సర్వర్ని సంఘానికి అప్పగిస్తాను.