'ఆదిత్య 369': కాలయంత్రం దాటవేసిన నేల

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వెలువడిన 'ఆదిత్య 369' తెలుగు వైజ్ఞానిక కల్పనకు ప్రధాన ఉదాహరణ. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జరిగిన వజ్రచౌర్యంతో ముడిపడిన ఈ కథలో నాయికానాయకులు కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికీ, అనంతరం 2504వ సంవత్సరానికీ చేరుతారు. ఈ ప్రయాణంలోని కథాలోపం కాలానికి కాక స్థలానికి సంబంధించినది.

హెచ్.జి. వెల్స్ నవల 'ది టైమ్ మెషిన్' (1895)లో యంత్రం కాలంలో మాత్రమే కదులుతుంది. భవిష్యత్తులో దానిని కొంతదూరం జరిపినందున, తిరిగివచ్చినప్పుడు అది ప్రయోగశాలలో మరొక మూలన నిలుస్తుంది. ఆ సూత్రం ప్రకారం హైదరాబాదులో బయలుదేరిన యంత్రం తుంగభద్రాతీరానికి చేరజాలదు. 1526 నాటికి హైదరాబాదు నగరమే లేదు. దాని నిర్మాణం 1591 నాటిది. ఆ నేల అప్పుడు గోల్కొండ పాలకుడు సుల్తాన్ కులీ ఏలుబడిలో ఉంది.

వినోదప్రధానమైన చిత్రానికి ఇంతటి కచ్చితత్వం అవసరమా అన్న ఆక్షేపం సమంజసమే. కృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు ప్రేక్షకులకు చిరపరిచితులు. ఆ పరిచయమే అద్భుతాన్ని నమ్మిస్తుంది. అయితే పరిశీలించవలసినది ఆ పరిచయాన్నే. తెలుగువారి గతం అనగానే విజయనగరమే స్ఫురించడం వల్ల ఈ లోపం లోపంగా తోచదు. తర్వాతి తరంలో అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఇబ్రహీం కుతుబ్‌షాకూ, పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అమీన్‌ఖానుకూ అంకితమిచ్చారు. తెలుగు కవిత్వాన్ని అంతగా ఆదరించిన గోల్కొండకు, తన నేలమీద మొదలైన కథలోనే చోటు దక్కలేదు. కనుక ఇది రచనాశైథిల్యం కన్న, సాహిత్యచరిత్ర అలవరచిన స్మృతికి నిదర్శనం.