వెనక ఊపు ఎక్కడ పుట్టింది?

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్ బండి గురించి డ్రైవర్లు చెప్పే ఫిర్యాదు ఎక్కువగా ఒకటే: ముందు బాగానే ఉంది, వెనకే తోక ఆడిస్తోంది. ముందున్న లారీని దాటి మళ్లీ ఎడమకు వచ్చేటప్పుడు, ఎదురు బస్సు గాలి కొట్టినప్పుడు అది తెలుస్తుంది. బండి వెంటనే కుదురుకోదు, అటూ ఇటూ ఊగి ఊగి ఆగుతుంది. దానికి చాలాచోట్ల జరిగే వైద్యం కూడా ఒకటే. షాకబ్జర్లు మార్చి, కమాన్‌లో (ఉక్కు కట్టలు పేర్చిన వెనక స్ప్రింగులో) ఇంకో కట్ట వేసి పంపేస్తారు. వారం తిరక్కుండా ఊపు మళ్లీ వస్తుంది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్ కట్టల పనిలోనే జీవితం గడిపిన మేస్త్రుల దారి వేరు. ముందు డ్రైవర్ని మాట్లాడనిస్తారు, తర్వాత బండి చుట్టూ తిరుగుతారు, ఆ తర్వాతే చెయ్యి పెడతారు. పానా చివరికి వస్తుంది. ఈ వరస చాలా విలువైనదని నా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే కమాన్ చేసే పని తెలియాలి.

కారులో సాధారణంగా బరువు మోయడానికి స్ప్రింగు, చక్రాన్ని దాని చోట నిలపడానికి వేరే చేతులు ఉంటాయి. మన టాటా ఏస్‌, బొలెరో పికప్‌ లాంటి బండ్ల వెనక భాగంలో ఆ రెండు పనులూ కమానే చేస్తుంది. మెయిన్ కట్ట ముందు కన్ను ఛాసిస్‌కున్న హ్యాంగర్‌లో కదలకుండా కూర్చుంటుంది. వెనక కన్ను షాకిల్‌కు వేలాడుతుంది. లోడు పడితే వంపు తగ్గి కట్ట పొడుగవుతుంది, ఆ పొడుగుకు చోటిచ్చేందుకే షాకిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇంజిన్ తోపు, బ్రేకు లాగుడు, మలుపులో పక్క ఒత్తిడి అన్నీ కట్ట కన్నుల్లోని బుష్‌ల మీదుగానే ఛాసిస్‌కు చేరాలి. అందులో ముందు బుష్‌ది పెద్ద బాధ్యత.

ఆ బుష్ అరిగితే ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. వెనక చక్రాల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక పక్క చక్రం కేవలం 7 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే, వెనక చక్రాలు చూసే దిశ ప్రతి మీటరుకు 5 మిల్లీమీటర్లు పక్కకు తప్పుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 8 సెంటీమీటర్ల పైమాట. అంటే ముందు చక్రాలతో పాటు, డ్రైవర్ ప్రమేయం లేకుండా వెనక చక్రాలు కూడా బండిని తిప్పుతున్నాయి. ఎక్సలేటర్ తొక్కితే వెనక ఇరుసు హౌసింగ్ ముందుకు తోసుకొస్తుంది, వదిలితే, బ్రేకు వేస్తే వెనక్కి జారుతుంది. అందుకే అనుభవమున్న మేస్త్రి మొదట అడిగేది ఇది: తొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలినప్పుడు ఇంకో పక్కకు పోతోందా? డ్రైవర్ అవునంటే సగం రోగం అక్కడే దొరికినట్టు. అప్పుడిక షాకబ్జర్ల జోలికి వెళ్లే ముందు బుష్‌లూ, కమాన్‌ను ఇరుసుకు బిగించే యూ బోల్టులూ చూడాలి.

అవి చూసే లోపే తేల్చాల్సినవి కొన్నున్నాయి. టైర్లలో గాలి, రెండు పక్కలా ఒకే రకం టైర్లున్నాయా, చక్రం నట్లు, బేరింగ్ లూజు. పది నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు. తర్వాత లోడు. గుంటూరు మిర్చి టిక్కీలు ఎత్తుగా పేర్చిన బండి ఏ లోపం లేకపోయినా కొంత ఊగుతుంది, బరువు పైకి వెళ్లింది కాబట్టి. భీమవరం, కైకలూరు వైపు చేపలూ రొయ్యలూ మోసే బండ్ల కష్టం మరో రకం. కరిగిన ఐసు నీళ్లు కమాన్ మీదే కారుతూ ఉంటాయి. కట్టల మధ్య తుప్పు పట్టి అవి ఒకదాని మీద ఒకటి జారడం మానేస్తాయి. ఆ తుప్పు గుంటల దగ్గరే పగులు మొదలవుతుంది.

ఇక కళ్లతో చదివే పని. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. యూ బోల్టుల చుట్టూ ఎర్రటి సన్నటి పొడి కనిపిస్తే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. బోల్టు బిగువు తగ్గింది. కట్ట అంచున దుమ్ము లేకుండా మెరిసే గీత ఉంటే కట్ట తన చోటు నుంచి జరిగింది. సెంటర్ బోల్టు తల హౌసింగ్ మీది రంధ్రంలో కూర్చుని ఇరుసును దాని చోట నిలుపుతుంది. యూ బోల్టులు వదులైతే ఆ భారమంతా చిన్న సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. అప్పుడు బండి రోడ్డు మీద అడ్డంగా నడుస్తుంది, వెనక వచ్చేవాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. షాకబ్జర్ ఒంటి మీద నూనె తడి, హ్యాంగర్ రివెట్ల చుట్టూ పెయింటు చిట్లడం, కట్టకు అడ్డంగా సన్నటి పగులు: వీటన్నిటికీ టార్చిలైటు, గుడ్డముక్క చాలు.

తర్వాత చేతుల పని. ఒకరు ట్రాలీ పక్కన నిలబడి బాడీని లయగా తోస్తూ ఉంటే, ఇంకొకరు పక్క నుంచి చూస్తారు. బాడీతో పాటు చక్రం అంచు కూడా రోడ్డు మీద పక్కకు వంగుతుంటే టైరు గోడ మెత్తబడింది. చక్రం నిలిచి, షాకిల్ పక్కకు ఒరిగితే షాకిల్ బుష్‌లు పోయాయి. తోయడం ఆపాక కూడా బాడీ పైకీ కిందికీ ఎగురుతూ ఉంటేనే షాకబ్జర్ల తప్పు. కన్ను దగ్గర గునపం వేసి మెల్లగా ఎత్తితే బుష్ ఎంత ఆడుతోందో తెలుస్తుంది. జాకీని నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు. స్టాండు పెట్టాలి, చక్రాలకు చెక్కలు అడ్డం వేయాలి.

ఆఖరున కొలత. చదునైన నేల మీద బండి నిలిపి ముందు, వెనక చక్రాల మధ్య దూరం రెండు పక్కలా టేపుతో కొలవాలి. తూకం గుండు వేలాడదీసి కమాన్ ముందు కన్నుల మధ్య బిందువులను, హౌసింగ్ మీద రెండు పక్కలా సమానమైన చోట్లను నేల మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఐమూలగా కొలిస్తే ఏ పక్క జరిగిందో దాచలేని విధంగా బయటపడుతుంది. వెనక ఇరుసును పట్టించుకోకుండా ముందు చక్రాలకు మాత్రమే చేసే అలైన్‌మెంట్ ఈ దోషాన్ని చూపదు.

అదనపు కట్ట వేయడం మాత్రం నేను ఒప్పుకోలేను. అరిగిన బుష్‌కు అదనపు కట్ట మందు కాదు. బండి గట్టిపడి ఊపు కొన్నాళ్లు కనబడదు, పడిన దెబ్బ హ్యాంగర్లకూ ఛాసిస్‌కూ చేరుతుంది. కుంగిన కట్టను కొలిమిలో కాల్చి వంచడం ఇంకా ప్రమాదం. ఆ ఉక్కుకు బలం వేడి చేసి నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పదును సరిచేయడం వల్ల వచ్చింది. ఒకసారి ఎర్రగా కాల్చి వదిలేస్తే ఆ బలం పోతుంది. మంచి పనివాళ్లు చల్లగా ఉన్నప్పుడే సుత్తి దెబ్బలతో వంపు తెస్తారు, లేదా కట్ట మారుస్తారు.

బిగింపుకూ పద్ధతి ఉంది. రబ్బరు బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి, గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. యూ బోల్టులు తీసినప్పుడు కొత్తవే వేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ తీసుకొచ్చి బిగువు చూపించుకోవాలి.

మీ బండి వెనక ఊగుతుంటే, ఏ సామాను కొనే ముందైనా రెండు పక్కలా ముందు, వెనక చక్రాల మధ్య దూరం మీ ఎదుటే కొలవమని అడగండి. ఆ కొలతకు ఓపిక పట్టే మేస్త్రి దొరికితే, ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.