చిన్న పురుగులు – పేర్లు చెప్పు పుస్తకములు

మాఘము ముగిసి ఫాల్గుణము వచ్చు రోజులలో గోదావరిఖని క్వార్టర్ల పెరళ్ళలో చిక్కుడు తీగల కొనలు నల్లగా కనబడును. బొగ్గు పొడి పడినదేమో అని చూచువారికి తోచును. చేతి లెన్సు పెట్టి చూచినచో ఆ నలుపు కదలుచుండును. అది పేనుబంక. వాని నడుమ అక్షింతల పురుగుల పిల్లలు తిరుగుచు వానినే తినుచుండును. తీపి రసము కొరకు చీమలు వచ్చి చేరును. అదే సమయమున మామిడి పూతపై తేనెమంచు పురుగులు, రాలిన వేపాకుల క్రింద తోకవంటి అంగముతో ఎగిరిపడు కొలెంబొలాలు, గోడలపై గెంతు సాలీళ్ళు ఉండును. వానకాలపు పురుగుల వలె ఇవి దీపము చుట్టు మూగవు. వెదకిన వారికే కనబడును.

వీనిని చూచిన విద్యార్థి మొట్టమొదట అడుగు ప్రశ్న "దీని పేరేమి?" అనునది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఉపాధ్యాయుడు ఆశ్రయింపదగిన ఆంగ్ల గ్రంథములు మూడు, ఇటీవల వచ్చిన ఫోను పద్ధతి ఒకటి ఇచ్చట పరిశీలింపబడుచున్నవి. పేరు చెప్పుట ఒక్కటే గుర్తింపు గ్రంథమునకు గొప్ప కాదు. ఎంతవరకు చెప్పవచ్చునో, ఎచ్చట ఆగవలెనో తెలుపుట అంతకన్న గొప్ప. ఈ నాలుగింటిని ఆ కొలతతోనే చూడవలెను.

పుస్తకముల కన్న ముందు తెలుగు పేర్లున్నవి. పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ, పిండినల్లి అను పేర్లు రైతులు ఏండ్ల తరబడి చూచి పెట్టినవి. ఒక్కొక్కటి చాలవరకు ఒక సహజమైన సమూహమునకే చెల్లును. అయినను కొన్ని పేర్లతో జాగ్రత్త అవసరము. మంచపు నల్లికి ఆరు కాళ్ళు, అది కీటకము. పిండినల్లియు కీటకమే గాని వేరొక తెగకు చెందినది. ఆకుల అడుగున సన్నని దారములు అల్లు ఎర్రనల్లికి ఎనిమిది కాళ్ళు; అది సాలెపురుగునకు చుట్టము. సాలెపురుగు పేరులో పురుగు ఉన్నను అది కీటకము కాదు. ఇక కాళ్ళు లెక్కించినంత మాత్రమున అంతయు తేలునా అనిన, అదియు లేదు. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన ఎర్రనల్లి పిల్లకు ఆరు కాళ్ళే యుండును. కొలెంబొలాకు ఆరు కాళ్ళున్నను నేటి శాస్త్రజ్ఞులు దానిని కీటకములలో చేర్చుట లేదు.

గ్రంథములలో మొదటిది టి. బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ వ్రాసిన "కొన్ని దక్షిణ భారత కీటకములు". ఇది 1914లో మద్రాసు నుండి వెలువడినది. ప్రతి పురుగునకు అది ఉండు ప్రాంతము, జీవిత చరిత్ర, తిను మొక్కలు, పంటకు చేయు నష్టము, నివారణ అను వరుసలో వివరములు ఇచ్చుట దీని పద్ధతి. నూరేండ్లు దాటినను ఈ పద్ధతి పాతబడలేదు. పురుగు రంగుతో పాటు అది ఏ మొక్కపై, ఏ భాగమున, ఏమి చేయుచున్నదో చూడుమని ఈ గ్రంథము నేర్పును. అయితే పంటకు నష్టము చేయు వానికే ఇందులో పెద్దపీట. రాలుటాకుల క్రింద బ్రతుకుచు ఎవరికిని కీడు చేయని జీవి కొరకు దీనిని తెరచి ప్రయోజనము తక్కువ.

రెండవ లోపము కాలము తెచ్చినది. మిరప లేతాకులను ముడుచుకొనునట్లు చేయు తామర పురుగునకు స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ అను శాస్త్రీయ నామమును హుడ్ 1919లో పెట్టెను. ఫ్లెచర్ గ్రంథము అంతకు ఐదేండ్ల ముందే అచ్చయినది గనుక ఆ పేరు అందులో ఉండుటకు వీలు లేదు. ఇంతలో వేరొక తామర పురుగు వచ్చినది. థ్రిప్స్ పార్విస్పైనస్ అను ఈ జాతిని మన దేశమున 2015లో బెంగుళూరులో బొప్పాయిపై కనుగొన్నట్లు ప్రకటించిరి. 2021లో అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలను ముంచెత్తినది. పాత పురుగు లేతాకులపై ఉండగా, ఈ కొత్తది పూలలో గుంపులుగా చేరును. పాతది లేత పసుపు రంగుది. కొత్తదానిలో ఆడది ముదురు గోధుమ రంగుది. రెండింటి పొడవును ఇంచుమించు ఒక మిల్లీమీటరే. రెండింటి పిల్లలును పాలిపోయిన రంగులో నుండుటచే కంటితో వేరు చేయరాదు. రైతు నోట రెండును తామర పురుగులే. పేరు తప్పినచో మందు తప్పును, మందు తప్పినచో పెట్టుబడి పోవును. కనుక గుర్తింపు అనునది పండితుల వినోదము మాత్రమే కాదు.

రెండవ గ్రంథము సాలీళ్ళకు సంబంధించినది. బి. కె. టికాదర్ రచించిన "భారతీయ సాలీళ్ళ కరదీపిక"ను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1987లో ప్రచురించెను. అందలి లెక్క ప్రకారము నాటికి మన దేశమున తెలిసిన సాలీళ్ళు వేయికి పైబడిన జాతులు, 43 కుటుంబములు. ఈ గ్రంథమునకు బలము గీత బొమ్మలు. ఛాయాచిత్రము అన్నిటిని చూపును గనుక దేనిని చూడవలెనో చెప్పదు. గీత బొమ్మ చూడవలసిన దానినే చూపును. సాలీటికి సాధారణముగా ఎనిమిది కన్నులుండును. అవి అమరిన తీరే కుటుంబమును తెలుపు మొదటి గుర్తు. తోడేలు సాలీటికి క్రింద నాలుగు చిన్న కన్నులు, వానిపైన రెండు పెద్దవి, వెనుక రెండు. గెంతు సాలీటికి ముందు వరుసలో నాలుగు, అందు నడుమనున్న రెండు మోటారు దీపముల వలె పెద్దవి. పది రెట్లు పెద్దదిగా చూపు లెన్సుతో హైస్కూలు విద్యార్థి ఇంతవరకు తేల్చుకొనగలడు.

అంతకు మించి పోవుటకు వలసిన గుర్తులు వేరు. ఆడదాని పొట్ట అడుగున నుండు జననాంగ ఫలకము, మగదాని ముఖము ముందరి పొట్టికాళ్ళ వంటి అవయవముల చివరి నిర్మాణము చూచి జాతిని నిర్ణయింపవలెను. ఇవి పూర్తిగా ఎదిగిన సాలీళ్ళలోనే ఏర్పడును. శిశిరములో కష్టమంతయు ఇచ్చటనే యున్నది. వానల తరువాత పెద్దవై గూళ్ళు కట్టినవి చాలవరకు గుడ్లు పెట్టి నశించి యుండును. ఇప్పుడు దొరకునవి హెచ్చుగా పిల్లలు. వర్ణనలు ఎదిగిన వానివి, చేతిలోనున్నది పిల్ల. ఈ సంగతి గ్రహింపక బొమ్మను పోల్చి పేరు వ్రాసికొనుట పరీక్షలో పక్కవాని జవాబును దిద్దుకొనుట వంటిది. మరియు పుస్తకములోని వర్ణనలు సారాయిలో నిలువ చేసిన నమూనాలను బట్టి వ్రాసినవి గనుక సజీవమైన సాలీటి నడక, పొంచియుండు తీరు వీనిలో తక్కువ.

మూడవది పి. ఎ. సెబాస్టియన్, కె. వి. పీటర్ సంపాదకత్వమున 2009లో హైదరాబాదు యూనివర్సిటీస్ ప్రెస్ ప్రచురించిన "భారతదేశపు సాలీళ్ళు". ఇందులో జాతుల సంఖ్య 1,520కి పెరిగినది. ఇరువది రెండేండ్లలో ఇంత పెరుగుదల వచ్చినదనిన, ఏ జాబితాయు పూర్తి అయినది కాదని విద్యార్థికి బోధపడును. కుటుంబముల నుండి ప్రజాతుల వరకు మెట్లు మెట్లుగా తీసికొనిపోవు సూచికలు ఈ గ్రంథమున మెచ్చదగినవి. అయితే పేర్లు మారుట ఆగదు. ఆకులు కుట్టి గూడు కట్టు ఎర్రచీమను అనుకరించు సాలీడు పాత పుస్తకములలో మిర్మరాక్నే. 2016 నుండి అది మిర్మప్లాటా. రెండు పేర్లు చూచి రెండు సాలీళ్ళనుకొను ప్రమాదము కలదు. మూడు గ్రంథములును ఆంగ్లమున నుండుట తెలుగు విద్యార్థికి అన్నిటికన్న పెద్ద అడ్డు.

ఇక ఫోను పద్ధతి. 2008లో కాలిఫోర్నియాలో మొదలైన ఐనాచురలిస్ట్ వంటి వానిలో ఛాయాచిత్రము పెట్టినచో కొన్ని పేర్లు సూచింపబడును. చూచిన తేదీ, స్థలము కూడ నమోదగును. ఈ నమోదు అమూల్యమైనది. సూచన సరిగా చదివినచో అది తరచు ప్రజాతి వద్దనో కుటుంబము వద్దనో ఆగియుండును. దాని క్రిందనే జాతుల పేర్లు వరుసగా నుండుటచే, తొందరపడువాడు మొదటి దానిని ఎన్నుకొనును. ఇద్దరు ఒప్పుకొనినచో ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరవచ్చును. ఇద్దరును ఒకే సూచనను చూచి ఒప్పుకొనినచో అది రెండు సాక్ష్యములు కాదు, ఒక్కటే. యంత్రము ఆగిన చోట మనిషి ఆగకపోవుటయే ఇందలి దోషము.

రామగుండము ప్రాంతమున ఈ సంగతికి ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుపై నున్న మట్టిని, రాతిని తీసి పోయుటచే గుట్టలు ఏర్పడును. వానిపై సింగరేణి సంస్థ మొక్కలు నాటించుచున్నది. మొక్కలను లెక్కింపవచ్చును, కాని ఆ నేలపైకి జీవము తిరిగి వచ్చినదా అనుటకు పురుగులు, సాలీళ్ళు మంచి సాక్షులు. సాలీటి పిల్లలు దారము వదలి గాలిలో తేలి దూర ప్రదేశములకు చేరును. అనగా కొత్త నేలకు తొలుత వచ్చువారిలో, జాతి చెప్పుటకు వీలులేని ఆ పిల్లలే ఉండవచ్చును.

పేరు లేని నమోదు వ్యర్థమా? 1883లో క్రకటోవా ద్వీపము అగ్నిపర్వతపు పేలుడుతో బూడిద క్రింద కప్పబడినది. మరుసటి యేడు మే నెలలో అచ్చటికి పోయిన ఫ్రెంచి యాత్రికుడు ఎడ్మండ్ కొట్టో ఎంత వెదకినను ఒక్క జీవియే కనబడినది. అది గూడు అల్లుకొనుచున్న మిక్కిలి చిన్న సాలీడు. ఆయన దాని జాతి చెప్పలేదు. ఎచ్చట, ఎప్పుడు, ఏమి చేయుచుండగా చూచెనో చెప్పెను. ఆ వాక్యము నేటికిని శాస్త్ర గ్రంథములలో నిలిచియున్నది. ఊహించి ఒక లాటిన్ పేరు తగిలించి యున్నచో అది ఎన్నడో కొట్టివేయబడి యుండెడిది.

కనుక పాఠశాలలో పట్టిక వ్రాయించు ఉపాధ్యాయుడు పేరు గడికి ముందు తేదీ, స్థలము, మొక్క, మొక్కలో ఏ భాగము, పురుగు పొడవు, కాళ్ళు, కన్నుల అమరిక, చేయుచున్న పని అను గడులు పెట్టింపవలెను. చివరి గడిలో "గెంతు సాలీళ్ళ కుటుంబము, పిల్ల, జాతి తెలియదు" అని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇయ్యవలెను. తెలుగున రావలసిన కరదీపికయు ఇట్టిదే కావలెను. ఫ్లెచర్ వలె జీవిత చరిత్రను చెప్పుచు, టికాదర్ వలె గీత బొమ్మలతో కన్నులను చూపుచు, ప్రతి పుటలోను "లెన్సుతో ఇంతవరకే" అని ఒక గీత గీయవలెను. ఆ గీతకు ఇవతల తెలుగు పేర్లు చాలవరకు సరిపోవును. అవతల సూక్ష్మదర్శిని, ఎదిగిన నమూనా, నిపుణుడు కావలెను. ఆ గీత ఎచ్చట నున్నదో తెలిసిన విద్యార్థి వేయి పేర్లు వల్లించినవాని కన్న శాస్త్రమునకు దగ్గరగా నుండును.