శుభ్రతయే దోషమా?

పూల పుప్పొడి సరిపడని పిల్లలకు తుమ్ములు పట్టును, ముక్కు కారును, కన్నులు దురద పెట్టును. ఇంగ్లీషువారు దీనిని హే ఫీవర్ అందురు. పేరున జ్వరమున్నను రోగమున జ్వరము లేదు.

1989లో డేవిడ్ స్ట్రాచన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనిపై ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. 1958 మార్చిలో ఒకే వారమున బ్రిటన్‌లో జన్మించిన 17,414 మంది పిల్లల వివరములు, వారి 23వ ఏటివరకు సేకరింపబడినవి, అందుకు ఆధారము. అన్నలు, అక్కలు ఎక్కువగా గల బిడ్డలకు ఈ బాధ తక్కువ. శైశవమున పెద్దపిల్లల నుండి సోకిన అంటురోగములే రక్షించెనేమో యని ఆయన ఊహించెను.

పుట్టుక నుండి ఇందరిని అనుసరించుట ఈ వ్యాసమునకు గల బలము. కాని లెక్కలు చూపినది తోబుట్టువుల సంఖ్యను, అంటురోగములను కాదు. శీర్షికలోని 'శుభ్రత' అను మాటయే లోకమునకు మిగిలినది. మురికియే మందు అను అపోహ దానినుండి పుట్టెను.

తరువాతి పరిశోధనలలో ఆల్ప్స్ ప్రాంతమున పశువుల కొట్టములలో శైశవము గడపిన పిల్లలకు అలర్జీలు తక్కువగా కనబడెను. 2003లో గ్రాహం రూక్ మన్నులో, పశువులలో ఉండు నిరపాయ సూక్ష్మజీవులను 'పాత మిత్రులు' అనెను. దేహమున రక్షణశక్తికి ఓర్పు నేర్పునవి అవియేనని ఆయన వాదము.

కనుక ఉపాధ్యాయుడు బిడ్డను మన్నులో ఆడనీయవచ్చును; భోజనమునకు ముందు చేతులు కడిగింపనూ వలెను. ఈ రెంటికిని వైరము లేదు.